తాను పట్టిన కుందేలు

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. మా పుట్టింట్లో మా తాతయ్య. ఆయన ఒకసారి తీర్పు చెప్పారంటే ఇక తిరుగులేదు. తప్పని తర్వాత తెలిసినా సరే, మారిస్తే పెద్దరికం ఏం కావాలి?

అమెరికా వచ్చాక బేస్‌బాల్ అంపైర్లలో మా తాతయ్య మళ్ళీ కనిపించారు. అవుటా సేఫా, స్ట్రైకా బాలా అని అంపైర్ కంటితో చూసి చెప్పిందే అంతిమమని ఆ ఆట రూల్స్‌లోనే రాసి ఉంది.

దాని ఖరీదు ఎంతో 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో తెలిసింది. టైగర్స్ పిచర్ అర్మాండో గలరాగ వరసగా 26 మందిని బేస్ చేరకుండా అవుట్ చేశాడు. ఇంకొక్కరు అవుటైతే ‘పర్‌ఫెక్ట్ గేమ్’. చాలామంది పిచర్లకి జన్మలో దక్కనిది. 27వ బ్యాటర్ కంటే ముందే బంతి ఫస్ట్ బేస్‌కి చేరింది. అంపైర్ జిమ్ జాయిస్ మాత్రం ‘సేఫ్’ అన్నాడు. ఆట అయ్యాక రీప్లే చూసి, తప్పు తనదేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు. కానీ అప్పట్లో రీప్లే చూసి తీర్పు మార్చే వీలు హోమ్ రన్ల విషయంలోనే ఉండేది. కమిషనర్ కూడా మార్చలేదు. మర్నాడు లైనప్ కార్డు ఇవ్వడానికి గలరాగే వచ్చాడు. జాయిస్ కన్నీళ్ళు తుడుచుకున్నాడు. ఇద్దరి మంచితనమూ లోకం చూసింది. రికార్డులో ఆ హిట్ మాత్రం అలాగే ఉండిపోయింది.

2014 నుంచి మేనేజర్లు ఛాలెంజ్ చేస్తే న్యూయార్క్‌లో కూర్చున్న అంపైర్లు వీడియో చూసి చెబుతున్నారు. 2026 సీజన్ నుంచి బాల్, స్ట్రైక్ తీర్పుల మీద కూడా ఆటగాడు నెత్తి తట్టి ఛాలెంజ్ చేయవచ్చు. మన క్రికెట్‌లో డీఆర్ఎస్ లాంటిదే.

మరి కెమెరాలు లేని పిల్లల ఆటలో ఏం చేయాలి? పోయిన వసంతంలో మా అబ్బాయి సెకండ్ బేస్ దగ్గర ఆడుతున్నాడు. జారుతూ వచ్చిన రన్నర్‌ని గ్లవ్‌తో తాకాడు. అంపైర్, హైస్కూల్ కుర్రాడు, ‘అవుట్’ అన్నాడు. మూడో అవుట్. మావాళ్ళు కేరింతలు కొడుతూ లోపలికి వచ్చేస్తున్నారు. అవతలి కోచ్ మెల్లగా వెళ్ళి, రెండో అంపైర్‌ని ఒకసారి అడగమన్నాడు. ఇద్దరూ మాట్లాడుకున్నారు. బంతి గ్లవ్‌లోంచి జారిందట. ‘సేఫ్’ అని మార్చాడు. ఆ తర్వాతి హిట్‌తో వాళ్ళు గెలిచారు.

మా వైపు కుర్చీల్లో ఒకటే గొడవ. “ఒకసారి చెప్పాక మార్చడమేంటి?” అన్నారు మావారు కూడా. కారెక్కాక వెనక సీట్లోంచి మావాడు నెమ్మదిగా అన్నాడు, “బాల్ పడిపోయింది నాన్నా. నాకు తెలుసు.”

ఆ తీర్పు అలాగే ఉండి ఉంటే ఆ సంగతి వాడొక్కడే మోసుకుంటూ తిరగాల్సి వచ్చేది. తప్పు తీర్పు బరువు ఓడినవాడి మీదే కాదు, గెలిచినవాడి మీద కూడా పడుతుంది.

అలాగని ప్రతిదీ మార్చేయడం కుదరదు. ‘అవుట్’ అని వినగానే రన్నర్ ఆగిపోతాడు, ఫీల్డర్ బంతి విసరడం మానేస్తాడు. తర్వాత మారిస్తే ఎవరు ఎంతదూరం వెళ్ళేవారో ఊహించి చెప్పాల్సిందే. అరుపులకి లొంగి మారిస్తే అది మరీ ప్రమాదం. గొంతున్నవాడిదే న్యాయం అవుతుంది. ఆ కుర్రాడు మా కేకలకీ మారలేదు, వాళ్ళ కేకలకీ మారలేదు. తనకంటే బాగా చూసినవాణ్ణి అడిగి మారాడు.

ఇంట్లో అన్నదమ్ముల తగువుల్లో మనమూ అంపైర్లమే కదండీ. పిల్లవాడు ఏడ్చాడని తీర్పు మారిస్తే ఏడుపు నేర్చుకుంటాడు. మరో పిల్ల చూసింది చెబితే విని మారిస్తే, నిజం చెబితే అమ్మ వింటుందని నేర్చుకుంటాడు. పెద్దరికం ఎక్కడికీ పోదు. కుందేలుకి నాలుగో కాలు కనబడ్డాక కూడా మూడే అంటేనే పోతుంది.