బండ కదలకముందే... బేరం!

మార్గశిర పున్నమి వచ్చిందంటే గద్వాల దగ్గరి మల్దకల్‌లో కాలు పెట్టే సందుండదు. తిమ్మప్ప బ్రహ్మోత్సవాలు మరి! తేరు, మొక్కులు, మిఠాయి అంగళ్లు... అన్నీ చూసుకున్నాక కుర్రాళ్లూ, తాతలూ ఒకే దిక్కుకు నడుస్తారు. అక్కడ బండలాగుడు పోటీలు.

కాడికి కట్టిన ఒక జత ఎడ్లు, వెనక బరువైన రాతిబండ. ఇచ్చిన గడువులో బండను ఎవరు ఎక్కువ అడుగులు లాగిస్తే వాళ్లదే గెలుపు. దూరం కొలిచి మైకులో చెబుతుంటే ఈలలు, కేకలు. క్రికెట్ మ్యాచ్‌కు ఏం తక్కువ కాదు.

ఆ కేకల మధ్యే ఇంకో మాటా వినబడుతుంది. ‘పోయినేడు మనూరి ఎద్దే గదా అది! వాళ్ల కాడికి ఎప్పుడు బోయింది?’ అవును... ఎప్పుడు పోయింది? అదే తెలియదు. కృష్ణకు, తుంగభద్రకు నడుమనున్న ఈ నడిగడ్డలో అభిమానికి ఓటమి కన్నా పెద్ద బాధ అదే.

పళ్లు చూసి పందెం

ఈ ఆటలో వయసుకు సర్టిఫికెట్లుండవు. నోరు తెరిచి పళ్లు చూడటమే! పాలపళ్లవి ఒక విభాగం. తర్వాత రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు... ఆ పైన సీనియర్లు. పళ్లు పెరిగేకొద్దీ బండ బరువూ పెరుగుతుంది. అంటే ఈ ఏడు పాలపళ్లలో మొదటి బహుమతి కొట్టిన జత, వచ్చే ఏటికి రెండు పళ్లలో దిగాల్సి రావచ్చు. ఖాళీ అయిన చోటికి కొత్త జత కావాలి. అందుకే జాతర ముగియగానే వేట మొదలవుతుంది.

ఇంకో చిక్కుంది. కాడికి ఎడమ వైపు కట్టేది దాపటి ఎద్దు, కుడి వైపుది వలపటి ఎద్దు. ఒక వైపు అలవాటు పడ్డ ఎద్దును రెండో వైపుకు మార్చడం అంత తేలిక కాదు. కాబట్టి ఎదుటి జట్టును దెబ్బతీయాలంటే రెండూ కొనక్కర్లేదు. ఒక్కదాన్ని కొంటే చాలు... జత విడిపోయినట్టే!

తువ్వాలు చాటున...

గద్వాల నుంచి ఎర్రవల్లి చౌరస్తా చేరి, 44వ జాతీయ రహదారి ఎక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటితే వనపర్తి జిల్లా. కాసేపట్లో పెబ్బేరు వస్తుంది. శనివారం ఇక్కడ సంత. ఎడ్లు, ఆవులు, గొర్రెలు... దుమ్ము, అరుపులు. అయితే అసలు బేరానికి అరుపుల్లేవు. పాతకాలపు పద్ధతిలో అయితే తువ్వాలు కింద చేతులు కలుస్తాయి. వేళ్లు పట్టుకుని ధర చెబుతారు. పక్కనున్నవాడికి కూడా అంకె తెలియదు. పందెం ఎద్దు సంతదాకా కూడా రాదు. బేరం కొట్టం దగ్గరే, చీకటి పడ్డాక.

ఎందుకింత గుట్టు? నలుగురికీ తెలిస్తే ధర పెరుగుతుందని కొనేవాడి భయం. ఊళ్లో మొహం చూపించలేనని అమ్మేవాడి మొహమాటం.

ఇది మన దగ్గరే అనుకోకండి. అమెరికాలో బేస్‌బాల్ సీజన్ శరదృతువులో ముగుస్తుంది. చలికాలమంతా జట్లు ఆటగాళ్లను మార్చుకుంటాయి. వెనకటికి అభిమానులు వేడి పొయ్యి చుట్టూ చేరి ఆ కబుర్లే చెప్పుకునేవారట. అందుకే ఆ రోజులకు ‘హాట్ స్టవ్ లీగ్’ అని పేరు. ఎదుటి జట్టు చడీచప్పుడు లేకుండా ఒకణ్ని లాక్కుపోతే వాళ్లకీ కడుపుమంటే. వాళ్లకు పొయ్యి, మనకు రచ్చబండ... అంతే తేడా!

ఆ కొనుగోలే లేకపోతే?

నాగర్‌కర్నూల్ మీదుగా అచ్చంపేట దాటి నల్లమల ఎక్కితే అమ్రాబాద్. ఇక్కడివే పొడ తూర్పు పశువులు. తెల్లని ఒంటిమీద గోధుమరంగు మచ్చలు... అవే పొడలు. రాళ్ల నేలలో దున్నడానికి వీటికి పెట్టింది పేరు. జాతీయ స్థాయిలో ప్రత్యేక జాతిగా గుర్తింపూ దక్కింది. కానీ పొలంలోకి ట్రాక్టర్ వచ్చాక ఎద్దుతో పనే తగ్గిపోయింది. పని లేని ఎద్దును మేపేదెవరు?

పోటీల్లో ఎక్కువగా కనిపించే ఒంగోలు జాతికి మాత్రం పందెం ఒక ఆసరా. పొలానికి అక్కర్లేని కోడెదూడకు కూడా బరిలో గిరాకీ ఉంది. ఆ ఆశతోనే చిన్నరైతు ఉలవలు ఉడికించి పెడతాడు, పొద్దున్నే లేచి నడిపిస్తాడు. అది బాగా లాగడం మొదలుపెట్టాక పెద్ద చేతులు వస్తాయి. అప్పు, బిడ్డ పెళ్లి, ఎండిన బోరు... ఏదో ఒకటి ఆ రైతును అవుననిపిస్తుంది. పెంచినవాడు ఒకడు, కప్పు అందుకునేవాడు ఇంకొకడు. అభిమాని కోపంలో న్యాయముంది.

అయితే ఎదుటి ఊరివాడు కొనడం మానేస్తే? కోడెదూడను మేపేవాడే ఉండడు. ఆ గుట్టు బేరాన్ని తిట్టుకుంటూనే, అది ఆగిపోకూడదని కోరుకోవాల్సిన పరిస్థితి ఇది. కనీసం మైకులో ఎద్దుల యజమాని పేరు చదివేటప్పుడు, దాన్ని పెంచిన ఊరి పేరు కూడా చదివితే బాగుంటుంది. ఖర్చు లేని పని. గట్టు మీద నిలబడ్డ ఆ ఊరివాళ్లకు మాత్రం అది సగం బహుమతి!