టైర్ల పద్దు

ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన నాటినుండి నెలనెలా ఇంటి జమాఖర్చులను పుస్తకమున వ్రాసికొను నియమము నాకు కలదు. కాని ఖర్చును తప్పక వ్రాసినంతమాత్రమున ధనము పోవు త్రోవ తెలియదనియు, దానిని ఏ పద్దు క్రింద వ్రాసితిమను దానిని బట్టియే నిజము కనబడుటయో మరుగుపడుటయో జరుగుననియు నాకు బోధపడినది ఒక పాత మారుతి 800 కారు మూలమున.

ఆ కారు 2004 నాటిది. ఎనిమిదేండ్లు మరొకరు వాడిన పిమ్మట 2012లో నేను కొంటిని. గుడివాడనుండి విజయవాడకు వారమునకు రెండు మారులు పోయి రావలసిన పని యుండెడిది. మా కృష్ణా డెల్టాలోని నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంగి, బీటలువారును గనుక, దానిపై ఎంత చక్కగా వేసిన రోడ్డైనను కొలదికాలమునకే అలలు అలలుగా లేచుటయు, ఆ అలల నడుమ గుంటలు పడుటయు ఎల్లరెరిగినదే. చిన్న చక్రముల చిన్న కారు ఆ గుంటల దెబ్బలన్నింటిని తన రబ్బరు బుష్‌లమీదను, షాక్ అబ్జార్బర్లమీదను భరించుచుండెను.

2013 మొదలు 2016 వరకు గల లెక్కలలో ‘బండి మరమ్మత్తులు’ అను పద్దు క్రింద నేను వ్రాసినది 1,850 రూపాయలు మాత్రమే. పాత బండికి ఇంత స్వల్పవ్యయమా యని సంతోషించితిని. అదే కాలమున ‘టైర్లు’ అను వేరొక పద్దు క్రింద 9,600 రూపాయలు చేరెను. ముందు టైర్ల జత 14,000 కిలోమీటర్లకొకమారు అరిగిపోగా రెండు మారులు మార్చితిని. స్టీరింగు ఎడమకు లాగినప్పుడెల్లను ఒక దుకాణమునకు పోయి 300 రూపాయలిచ్చి అలైన్‌మెంట్ చేయించుచుంటిని. అట్లు ఏడు మారులకు 2,100 రూపాయలు ‘ఇతరములు’ అను పద్దులో కలిసిపోయెను. మూడు పద్దులును వేర్వేరు పుటలలో నుండుటచేత, అవి మూడును ఒకే రోగపు లక్షణములన్న ఊహయే నాకు కలుగలేదు.

మూడవ జత టైర్లు కొనుటకు ముందు, ఒక మిత్రుని మాట మన్నించి, విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు పెట్టుకొనియున్న ఒక మేస్త్రి వద్దకు బండిని తీసికొనిపోయితిని. ఆయన స్టీరింగును ముట్టలేదు. మొదట ముందు టైరుపై అరచేతిని లోపలినుండి వెలుపలికి ఒకమారు, వెలుపలినుండి లోపలికి ఒకమారు నిమిరి, నన్నును అట్లే నిమిరి చూడుమనెను. ఒక వైపునకు పట్టువలె జారిన చేతికి రెండవ వైపునకు రంపపు పళ్లవలె అంచులు తగిలెను. పిమ్మట జాకీ పెట్టి చక్రమును నేలనుండి లేపి, గడియారములో తొమ్మిదియు మూడును ఉండు తావుల రెండు చేతులతో పట్టి కుదిపెను. పండ్రెండును ఆరును ఉండు తావుల మరల కుదిపెను. నా వ్రేలిని, స్టీరింగును చక్రమునకు కలుపు టై రాడ్ ఎండ్ కీలుపై నుంచుమని తాను చక్రమును కదుపగా, లోన ‘టక్కు’మని చిన్న దెబ్బ నా వ్రేలికి స్పష్టముగా తెలిసినది. దానిపై రబ్బరు బూటు చిరిగి, గ్రీజు ఎండి, అందులో ఇసుక కలిసి నల్లని ముద్దయై యుండెను. చక్రమును అడుగున పట్టి నిలుపు లోయర్ ఆర్మ్ బుష్ పగిలి, నడిమి ఇనుము ఒక ప్రక్కకు ఒరిగిపోయి యుండెను.

“టైరుదేం లేదు మాస్టారూ, లోన బుష్ పోయింది. మీరెన్ని అలైన్‌మెంట్లు చేయించినా బండి రోడ్డెక్కేసరికి మళ్ళీ మామూలే,” అని ఆయన చెప్పెను.

ఆ మాటలోని శాస్త్రము సులభమైనది. అలైన్‌మెంట్ యంత్రము నిలిచియున్న బండి చక్రముల కోణములను కొలుచును; బుష్ వదులైన చక్రమో, బ్రేకు వేసినపుడొక వైపునకును, గుంటలో పడినపుడింకొక వైపునకును తిరిగి, దొర్లవలసిన టైరును నేలపై ఈడ్చుచు పోవును. కీళ్లలోని వదులును తీయక కోణములను సరిచేయుట, పునాది కదలుచున్న గోడకు మరల మరల సున్నము వేయుట వంటిది. లోయర్ ఆర్మ్ బుష్‌లు, ఆ ఆర్మ్‌ను చక్రమునకు కలుపు బాల్ జాయింట్లు రెండు, టై రాడ్ ఎండ్లు రెండు, వాని కూలి, అన్నింటికిని చివర ఒక్క అలైన్‌మెంట్, ఇవన్నియు కలిసి 4,600 రూపాయలైనవి. ఆపై వేసిన టైర్లు 38,000 కిలోమీటర్లు నడచినవి. అనగా టైర్లకును అలైన్‌మెంట్లకును నేను పెట్టిన 11,700 రూపాయలలో అధికభాగము ఆ పగిలిన రబ్బరునకు కట్టిన కప్పమే.

ఇట్టి అరుగుదలకు బీమా సహాయము రాదు. సొంత నష్టమునకు కట్టిన పాలసీ ప్రమాదమునకు పరిహార మిచ్చునేగాని, వాడుకవలన కలుగు అరుగుదలకు ఈయదు. ప్రమాదమున మార్చిన రబ్బరు భాగములకును టైర్లకును సాధారణముగా సగము తరుగు కోసియే ఇచ్చును.

2019లో పదునైదేండ్లు నిండి రిజిస్ట్రేషన్ పునరుద్ధరింపవలసివచ్చినపుడు అసలైన పరీక్ష ఎదురైనది. స్టీరింగులో మరల కొంత ఆట కనబడెను. షాక్ అబ్జార్బర్లు నూనె కార్చుచుండెను. ఒక పెద్ద వర్క్‌షాపువారు స్టీరింగు ర్యాక్ మొత్తము మార్చవలెనని 22,000 రూపాయల అంచనా వ్రాసియిచ్చిరి. మా మేస్త్రి పరీక్షించి, ర్యాక్ బాగుగనే యున్నదనియు, మరల ఒక టై రాడ్ ఎండ్ మాత్రమే పోయినదనియు చెప్పి, నాలుగు షాక్ అబ్జార్బర్లతో కలిపి 11,400 రూపాయలలో ముగించెను. అమ్మినను 35,000 రాని బండికి మూడవవంతు ధర మరమ్మత్తునకా యని బంధువులు వారించిరి. వారి ప్రేమను నేను శంకింపను; కాని ఆ పోలిక సరియైనది కాదని నాకు దృఢముగా తోచెను. మరమ్మత్తును పోల్చవలసినది బండి అమ్మకపు ధరతో కాదు, దానిని వదలినచో మనము తలకెత్తుకొను వ్యయముతో. మూడు లక్షలు తొమ్మిది శాతము వడ్డీకి ఐదేండ్ల గడువున అప్పు తెచ్చి క్రొత్త కారు కొన్నచో నెలకు 6,200 పైచిలుకు వాయిదా. మొదటి యేటి వడ్డీయే ఇంచుమించు 25,000. ఆ వడ్డీలో సగముకంటె తక్కువతో నా బండి తిన్నగా నడచుచున్నది.

అయితే ఈ లెక్కకు ఒక హద్దు కలదు. లోయర్ ఆర్మ్ బిగించు తావున గాని, షాక్ అబ్జార్బరు గల స్ట్రట్ పై కొనను మోయు రేకున గాని తుప్పు తిని, చిన్న సుత్తితో తట్టినపుడు గణగణ మ్రోగక మెత్తగా పలికినచో, ఆ బండిపై పైసయైనను పెట్టరాదు. బాల్ జాయింట్ విషయమున లెక్కయే కూడదు. అది ఊడినచో చక్రము ప్రక్కకు ఒరిగిపోవును; ఆ బండిలో నా మనుమరాలు కూర్చుండును.

ఇప్పుడు నా పుస్తకములో టైర్లు, అలైన్‌మెంట్, బుష్‌లు వేర్వేరు పుటలలో లేవు. ‘చక్రములు’ అను ఒకే పద్దు క్రింద కలవు. బ్యాంకులో ఏటేట నెలకు 500 చొప్పున పండ్రెండు నెలల రికరింగ్ డిపాజిట్ వేయుచున్నాను. వానలు వెలిసిన కార్తీకమాసమున అది చేతికి వచ్చును, ఆ నెలలోనే జాకీ పెట్టించి కీళ్లన్నియు చూపింతును. 2024లో రెండవమారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు, పెరిగిన రుసుము 5,000 ఆ సొమ్మునుండియే కట్టితిని. మొన్నటి కార్తీకమున ఎడమవైపు రబ్బరు బూటు చిరిగినట్లు కనబడెను. లోన గ్రీజు ఇంకను శుభ్రముగా నుండగనే 180 రూపాయలతో మార్పించితిని.