వెనకదీపం

కారు నడిపేవాడికి తన కారు వెనకదీపం కనబడదు. ఇంత చిన్న సంగతి నాకు నలభైఅయిదేళ్ళు వచ్చాక, ఒక రాత్రి తొమ్మిదిన్నరకు, నారాకోడూరు దాటిన తరువాత తెలిసివచ్చింది.

మా కారు అంబాసిడరు. 1996లో నాన్నగారు కొన్నది. ఆ కార్లు చేయడం 2014లోనే మానేశారు. పదిహేనేళ్ళు నిండినప్పటినుంచీ అయిదేళ్ళకోమాటు పరీక్ష చేయించి, రిజిస్ట్రేషను పొడిగించుకుంటూ వస్తున్నాను. “ఇంకా ఎన్నాళ్ళండీ ఈ రథం?” అంటుంది మా ఆవిడ. నాన్నగారి జ్ఞాపకం గదా అని నేను ఊరుకుంటాను.

ఆ రాత్రి తెనాలిలో పెళ్ళి చూచుకుని గుంటూరు వస్తున్నాం. వెనకసీటులో కుడిపక్కన మా అమ్మాయి నిద్రపోతోంది. ఉన్నట్టుండి వెనక లారీ బ్రేకులు కీచుమన్నాయి. జానెడు ఎడంలో మమ్మల్ని తప్పుకుని, ముందుకుపోయి ఆగింది. డ్రైవరు దిగివచ్చాడు. తిట్టడానికే అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“మీ కుడి లైటు వెలగట్లేదు బాబూ. ఎడంపక్కది ఒక్కటే చూసి మోటారు సైకిలనుకున్నా. దగ్గరికొచ్చాకగానీ కారని తెలవలేదు” అన్నాడు. వెనకసీటులోకి చూచి మరి మాట్లాడలేదు. “మీరు ముందు పోండి, నేనెనకాల వస్తా” అని ఊరి మొదలుదాకా తన దీపాల వెలుగులో మమ్మల్ని సాగనంపాడు.

మర్నాడు ఆదివారం. మెకానిక్కు రాడు. అంచేత నేనే మరలు విప్పి ఎర్ర అద్దం తీశాను. బల్బు గాజు లోపల మసిబారి ఉంది. లోపలికి నొక్కి ఎడమకు తిప్పితే ఊడివచ్చింది. జేబులో వేసుకుని మోటారు సామాన్ల కొట్టుకు వెళ్ళాను.

కొట్టతను ఒకప్పుడు నా శిష్యుడే. తెలుగు పరీక్ష మూడుమాట్లు రాసినవాడు. “ఇందులో తీగెలు రెండుంటాయి మాస్టారూ. 5 వాట్లది రాత్రి వెలిగేది, 21 వాట్లది బ్రేకు నొక్కితే వెలిగేది. ఈ పక్కమేకులు చూడండి, రెండూ ఒక ఎత్తున ఉండవు. తిరగేసి పెడితే పట్టదు” అన్నాడు.

“అయితే ద్వ్యర్థికావ్యమన్నమాట! సూరన రాఘవపాండవీయం. పద్యం ఒకటే, కథలు రెండు” అన్నాను.

వాడు నవ్వి, “ఆనాడే బల్బు చూపించి చెప్పుంటే మొదటిసారే పాసయ్యేవాణ్ణి మాస్టారూ” అన్నాడు. ఇరవైఏళ్ళుగా పాఠాలు చెబుతున్న నాకు జవాబు తోచలేదు. పైపెచ్చు వాడు ఒక ఉప్పుకాగితం ముక్క కూడా ఇచ్చి, “హోల్డరుకు తుప్పుంటే గీకండి. కరెంటు తిరిగిపోయేది కారు రేకుమీదనుంచే” అని హెచ్చరించాడు.

వాడన్నట్టే అయింది. కొత్త బల్బు పెట్టినా వెలగలేదు. తుప్పు గీకాను, వెలిగింది. ఇక బ్రేకు దీపం. నేను ముందు కూర్చుని నొక్కాలి, ఎవరో ఒకరు వెనక నిలబడి చూడాలి. అమ్మాయిని పిలిచాను.

“వెలిగిందా?” అని కేక వేశాను. ఆ మాట నా నోట రాగానే నాన్నగారి గొంతు విన్నట్టయింది. ఊరికి బయలుదేరే ముందు ప్రతిసారీ ఆయన నన్ను కారు వెనక నిలబెట్టి ఇదే మాట అడిగేవారు. చాదస్తమని విసుక్కునేవాణ్ణి. ఆయన పోయాక కారును జాగ్రత్తగా దాచుకున్నాను గాని, ఆ చాదస్తాన్ని మాత్రం వదిలేశాను.

“రెండూ వెలిగాయి నాన్నా!” అంది అమ్మాయి.

ఇప్పుడు మా ఇంట్లో ఆ ఉద్యోగం దానిదే. ఆ లారీ డ్రైవరు పేరైనా అడగలేదే అన్న విచారం మాత్రం నాకు మిగిలిపోయింది.