గాందేవిలో ఒక పడకగది ఇల్లు

గాందేవి అంటే గ్రామదేవత. ఊరు పోయి పట్టణమైనది, పట్టణము మహానగరమైనది. పొలిమేర కాచిన అమ్మవారి పేరు మాత్రము పేటకు నిలిచిపోయినది. ముంబయిలో గ్రాంట్ రోడ్డు స్టేషను దిగి పడమటి వైపు కొంత దూరము నడిస్తే బజారు రొద వెనుకబడిపోతుంది. చెట్ల నీడలు, పాతకాలపు బాల్కనీలు కనబడతాయి. కాకి అరుపు విడిగా వినిపించే వీధులు ఈ నగరములో కొద్ది. అందులో ఇవి కొన్ని.

అదే స్టేషనుకు అవతల, తూర్పు దిక్కున, కామాటిపురా ఉన్నది. రాళ్ళు మోయడానికీ, గోడలు కట్టడానికీ తెలుగునాటి నుండి వచ్చిన మన కామాటీల పేరే ఆ పేటకు వచ్చినది. ఈ నగరపు గోడలు ఎత్తినవారిలో మనవారు ఎందరో ఉన్నారు. ఆ గోడల నడుమ వాటాదారులైన వారు ఎందరన్నది వేరే లెక్క.

ఈ లెక్క మాకు గుర్తుకు రావడానికి కారణము మా మేనల్లుడు. గాందేవిలో ఒక సహకార సంఘపు భవనములో, ఒక పడకగది, హాలు, వంటగది గల ఇల్లు అమ్మకానికి ఉన్నదని తెలిసి, "మామయ్యా, కాగితాలు చూడడము మీకు అలవాటు గదా, మీరూ అత్తయ్యా రండి" అన్నాడు. మరాఠీ చదవగలము; ఆఫీసు ఫైళ్ళతో ఇరవై ఏండ్ల చెలిమి. సరే అని మేమిద్దరము, మేనల్లుడు, కోడలు, మా అక్కయ్య కలిసి ఒక ఆదివారము బయలుదేరాము.

దారిలో లాబర్నమ్ రోడ్డు మీద మణిభవన్ చూచాము. 1917 నుండి 1934 వరకు గాంధీగారికి ముంబయిలో బస ఇదే. వీధిన పోయే దూదేకులవాని వద్ద ఆయన దూది ఏకడము నేర్చుకొన్నది కూడా ఇక్కడనే. షోలాపూరులో మగ్గాల చప్పుడు మధ్య కాపురము చేసిన అక్కయ్య ఆ మాట విని, మేడ మీది రాట్నముల దగ్గర చాలాసేపు నిలబడినది. అక్కడికి దగ్గరలోనే గోవాలియా ట్యాంకు మైదానము. 1942 ఆగస్టు 8న క్విట్ ఇండియా పిలుపు వచ్చిన చోటు అది. ఇప్పుడు దానిని ఆగస్టు క్రాంతి మైదానము అంటారు.

మేము చూడబోయిన ఇల్లు రెండవ అంతస్తులో ఉన్నది. లిఫ్టు లేదు. 400 చదరపు అడుగులకు కొంచెము తక్కువే. అయినా ఎత్తయిన కప్పు, రెండు వైపుల గాలి, వంటింటి కిటికీకి ఎదురుగా వేపచెట్టు. అమ్మేది ఒక గుజరాతీ వృద్ధురాలు. భర్త పోయినాడు, మెట్లు ఎక్కలేకపోతున్నది, కూతురు దగ్గరకు పోతానంటున్నది. ధర చెప్పగానే మాలో ఎవరము నోరు మెదపలేదు. మా చిన్ననాట అంత డబ్బుకు వీధి వీధే వచ్చేది కాబోలు.

ఆ డబ్బు ఎక్కడిదో కూడ చెప్పాలి. షోలాపూరులో మా బావగారు కట్టిన ఇల్లు అమ్మగా అక్కయ్య చేతికి వచ్చినది కొంత, పిల్లల పొదుపు కొంత, మిగిలినది బ్యాంకు అప్పు. అందుకే అక్కయ్య గోడలు చూడలేదు. "ఉన్నది ఒక్క పడకగది. అందులో మీరిద్దరూ పడుకొంటే నేనెక్కడ?" అని మాత్రము అడిగినది. హాలులో బాల్కనీ పక్క మూలను కోడలు జానలతో కొలిచి చూపినది. మంచము పడుతుంది, దేవుని పటము కూడా పడుతుంది.

ఇక కాగితాలు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. సహకార సంఘములో ఇల్లు కొనడములో ఆ రెండూ కలిసి ఉన్నవి. ఇక్కడ కొనేది గోడలు మాత్రము కాదు. సంఘములో వాటాలు, సభ్యత్వము. ఆ వాటాలను బట్టి ఆ ఇంట ఉండే హక్కు వస్తుంది. అంటే ఇరుగుపొరుగు వారితో ఒక రకము వియ్యమే.

ఈ పద్ధతికి గాందేవి పాత ఊరే. మన దేశపు తొలి సహకార గృహ సంఘములలో ఒకటి 1915లో ఇక్కడనే పుట్టినది. శ్రీపాద సుబ్రావ్ తల్మకిగారు ముందు నిలిచి సారస్వత కుటుంబాల కోసము దానిని ఏర్పరచినారు. భవనము సంఘానిది, సభ్యులు అందులో కిరాయిదారులు. యజమానీ వారే, కిరాయిదారూ వారే. పరదేశము వంటి నగరములో బాడుగకు తలవంచకుండా బ్రతుకుదామని చిన్న ఉద్యోగులు చేసిన ఆలోచన అది.

మేము చూచిన సంఘము వేరు. వారి కమిటీలో ఒక పెద్దమనిషి మమ్ము కూర్చోబెట్టి, పేర్లు అడిగి, ఊరు అడిగి, చివరకు "ఇంట్లో చేపలు వండుతారా?" అన్నాడు. మేనల్లుని ముఖము ఎర్రబడినది. మేము చట్టము ఎత్తబోయేలోగా అక్కయ్య మరాఠీలో, "ఆదివారము వండుతాము. మీ మనుమలు వస్తే వారికీ పెడతాము" అన్నది. ఆయన మరి మాట్లాడలేదు.

ఎత్తబోయిన చట్టమేదో ఇక్కడ చెబుతాము. తగిన కారణము లేనిదే సభ్యత్వము నిరాకరించరాదని 1960 నాటి మహారాష్ట్ర సహకార సంఘముల చట్టము చెబుతున్నది. నిరాకరిస్తే కారణము తెలుపాలి. దాని మీద రిజిస్ట్రారు వద్దకు పోవచ్చును. అహమ్మదాబాదులోని ఒక పార్సీ సంఘము తమవారినే చేర్చుకొంటామని బైలాలో వ్రాసికొనగా, 2005లో సుప్రీంకోర్టు దానిని ఒప్పిన మాట నిజమే. కాని బైలాలో ఉన్న నియమము వేరు, ఒక సభ్యుడు కుర్చీలో కూర్చుని వేసిన ప్రశ్న వేరు. కనుక మొదట బైలాలు అడిగి చదవాలి.

మాకు అడ్డు తగిలినది చేప కాదు, షేరు సర్టిఫికెట్టు. అది ఇంకా చనిపోయిన భర్త పేరనే ఉన్నది. ఆమె నామినీ. నామినీ అయినంత మాత్రాన ఆస్తి అంతా ఆమెదే కాదు. 2019 సవరణ ప్రకారము వారసులు తేలేవరకు ఆమె తాత్కాలిక సభ్యురాలు. కూతురు ఇక్కడనే ఉన్నది, కొడుకు విదేశములో. ఇద్దరి సమ్మతి పత్రాలు వచ్చేవరకు బయానా ఇవ్వరాదన్నాము. వేరొకరు కాచుకొని ఉన్నారని బ్రోకరు తొందరపెట్టినాడు. మేనల్లుడు చెక్కు వ్రాయబోయినాడు. అక్కయ్య చెక్కు పుస్తకము తీసికొని సంచిలో వేసికొన్నది.

కొనదలచినవారు మరి రెండు సంగతులు అడగాలి. స్థలము సంఘము పేరునకు మారినదా, లేక కట్టించినవాని పేరనే ఉన్నదా? పాత భవనాన్ని పడగొట్టి కట్టే రోజున ఇదే ముఖ్యము. బిల్డరు మార్చకపోతే సంఘము తానే మార్పించుకొనే వీలు 2008 సవరణ కల్పించినది. రెండవది, బదలాయింపు ప్రీమియము. 2001 నాటి ప్రభుత్వ ఉత్తరువు ప్రకారము ముంబయి వంటి నగరములో అది 25,000 రూపాయలు మించరాదు. అంతకు మించి విరాళమన్న పేరుతో అడిగినా ఇవ్వనక్కరలేదు.

కొడుకు పంపవలసిన కాగితము కోసము ఇప్పుడు ఎదురు చూస్తున్నాము. వస్తే ఇల్లు కొంటారు. పేర్లు జంటగా వ్రాయించినప్పుడు మొదటి పేరుగలవారికే సంఘములో ఓటు ఉంటుంది. ఆ మొదటి పేరు మా అక్కయ్యదే ఉండాలని మేనల్లుడూ కోడలూ తామై అన్నారు. కామాటీల వాటా ఎంతన్న లెక్కలో మా వంతు ఒక పేరు చేరుతుంది.