మరపాచి దంపతులు

మా హోసూరు యింట్లో దసరా దగ్గర పడుతోందంటే అటక మీది ట్రంకు పెట్టె కిందికి దిగుతుంది. కోస్తా జిల్లాల బంధువులు బొమ్మల కొలువు సంక్రాంతికి పెడతారు. మేము తరతరాలుగా తమిళ, కన్నడ సీమల నడుమ వున్నవాళ్లం గనుక నవరాత్రులలో పెడతాము. పై మెట్టున మరపాచి జంట వుండాలి. పేరు అరవవారిదేగాని కొయ్య మన శేషాచలం కొండల్లో పెరిగే యెఱ్ఱచందనమే. పెళ్లిలో పుట్టింటివారు కూతురికి ఆ జంటను యిచ్చి పంపడం ఆచారం.

జంట అన్నానుగాని, మా మెట్టు మీద నలభై యేళ్లుగా ఆడబొమ్మ ఒక్కతే. అవ్వ పోయాక సామాను పంచుకున్నప్పుడు ఆడబొమ్మ మా అమ్మకు, మగబొమ్మ కృష్ణగిరిలో కాపురమున్న పిన్నమ్మకు వచ్చాయి. తరువాత అమ్మ అడగలేదు, పిన్నమ్మ యివ్వలేదు. అమ్మ అలాగే వెళ్లిపోయింది.

ఈ యేడు పిన్నమ్మ యిల్లు అమ్మేస్తున్నారని తెలిసి బయలుదేరాను. దూరం యాభై కిలోమీటర్లే. హోసూరు గులాబీ తోటలు దాటి, శూలగిరి కొండ పక్కగా పోతే, కృష్ణగిరి చేరువలో మామిడి తోటలు వస్తాయి. ధర్మపురి జిల్లాలో వుండిన ఆ వూరు 2004లో తానే జిల్లా కేంద్రమయింది. కోట వున్న కొండ మాత్రం నా చిన్ననాటి లాగే వుంది.

పిన్నమ్మ బొమ్మను పాత చీర పేగులో నుంచి తీసింది. కుడి పాదం విరిగి వుంది. ఇన్నేళ్లూ శెట్టిగారి కొట్టు బొమ్మకు ఆనించి నిలబెట్టేదట!

“మీ అమ్మ ఒక్కమాట అడిగివుంటే పంపేదాన్నే” అన్నది. నేనేమీ అనలేదు.

కొండపల్లివారు పొనికి చెక్క ముక్కలను రంపపు పొట్టు, చింతగింజల గుజ్జు కలిపిన మక్కుతో అతుకుతారు. తేలిక కొయ్యకు అది చాలు. ఎఱ్ఱచందనం బరువు, గట్టిది. హోసూరులో మా వడ్రంగి కాలిలోనూ పాదంలోనూ సన్నని బెజ్జాలు వేసి, వెదురు మేకు దించి, జిగురుతో అతికించాడు. అతుకు మీద అదే కొయ్య పొడి జిగురులో కలిపి పూశాడు. రంగు వేస్తానన్నాడుగాని నేను ఒప్పుకోలేదు. వందేళ్ల నునుపు రంగు కింద పోతుంది.

బట్టలకు అవ్వ పట్టుచీర అంచు తీశాను. గుండుసూదులు గుచ్చకండి, తుప్పు మరక పట్టుకు అంటుతుంది. జిగురు పెడితే మరుసటేడు బట్ట వూడిరాదు. కుచ్చెళ్లు వేలితో అణచి, లోపల రెండు పోగులు కుట్టి, నడుముకు దారంతో కట్టడమే మేలు. జానెడు బొమ్మకు వెడల్పాటి జరీ పనికిరాదు, మొహం చిన్నబోతుంది.

నవరాత్రుల మొదటి సాయంత్రం పిన్నమ్మ వచ్చింది. మగబొమ్మ దేనికీ ఆనకుండా నిలబడివున్నాడు. చాలాసేపు చూసి, “పంచె యిలాగేనా కట్టేది? మా నాన్న యెడమవైపు చెక్కేవారు” అంటూ మెట్టు దగ్గరికి జరిగి, దారం విప్పడం మొదలుపెట్టింది.