దీపానికి టోపీ

నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. నా దగ్గర చదువుకున్న మా మాదిగపల్లె కుర్రాడొకడు ఇప్పుడు అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న మే నెలలో ఫోన్ చేసి, "సార్, ఇక్కడ లేక్ హడ్సన్ అని ఓ చెరువుంది. దాని చుట్టూ చీకటిని చట్టం పెట్టి కాపాడుతున్నారు. అరుంధతిని మామూలు కళ్ళతో చూశా" అన్నాడు.

చీకటికి చట్టమా!

1993లో ఆ విహారస్థలాన్ని చుక్కలు చూసుకోడానికని ప్రత్యేకించారు. ఆ దేశంలో అలాంటివాటిలో అదే మొదటిది. పట్నాల వెలుగు పైకి చిమ్మి, గాలిలో దుమ్ముకీ తేమకీ తగిలి చెదిరి, చుక్కల్ని మింగేస్తుంది. అందుకే ఇలాంటి చోట్ల దీపాలకు తొడుగులేసి వెలుగు నేలమీదే పడేట్టు చూస్తారు.

ఆ ఏడు నాకు ఆరేళ్ళు. కరెంటు స్తంభాలు ఊళ్ళో రామాలయం దగ్గరే ఆగిపోయాయి. మా ఆడవాళ్ళు దొడ్డికి చెరువుకట్ట కిందికి చీకట్లోనే గుంపుగా పోయేవాళ్ళు. మా పిన్నమ్మను పాము కరిచింది అక్కడే. ఆ కాలు ఇప్పటికీ ఈడుస్తుంది. నాయన ఆసామి దగ్గర జీతగాడు. గడియారం లేదు. వేగుచుక్క పొడిస్తే పేడకళ్ళెత్తడానికి పోవాలి, ఆలస్యమైతే బూతులు. పిల్లలకోడి, గొల్లకావడి ఎక్కడున్నాయో చూసి ఎంత రాత్రయిందో చెప్పేవాడు. నాకు చుక్కలు నేర్పింది ఆయనే. మా పుస్తకంలో ఆ పేర్లు లేవు. పెళ్ళిళ్ళలో చూపించే అరుంధతి మా ఆడపడుచేనని మావాళ్ళు చెప్పుకుంటారు. ఆకాశంలో ఆమెకి మొక్కినోళ్ళు నేలమీద మా నీళ్ళు ముట్టలేదు.

ఈ చెరువు సంగతి స్టాఫ్‌రూములో చెప్తే ఓ మాస్టారు నవ్వి, "అయితే మీ పల్లెకి అనవసరంగా దీపాలేశారే" అన్నాడు. ఒళ్ళు మండింది. అక్కడ చీకటి కోరి తెచ్చుకున్నది. చుక్కలు చూసి కారెక్కి వెలుగులోకి పోతారు. మాది ఎగ్గొట్టిన వెలుగు. అర్జీలు పెట్టీ పెట్టీ తెచ్చుకున్నాం దీపాలు.

అయినా కుర్రాడి మాట నన్ను వదల్లేదు. పిల్లల్ని చెరువుకట్టకి తీసుకెళ్తే తెల్లటి ఎల్‌ఈడీ దీపం కళ్ళల్లో కొట్టింది. వసిష్ఠుడి పక్కన అరుంధతి ఆనలేదు. దీపానికి రేకు తొడుగు పెట్టిద్దామనుకుని, పంచాయతీ కంటే ముందు మా ఆడవాళ్ళనే అడిగా.

"టోపీ పెట్టుకో నాయనా. దారి మాత్రం కనపడాల. దీపం పీకావంటే ఊరుకోను" అంది పిన్నమ్మ.

రేకు కొట్టించా. లైన్‌మన్ ఇంకా రాలేదు.