రోజుకో బొమ్మ – గోదారి రంగులు

రాజమండ్రి వచ్చిన చుట్టాలు గోదారి గట్టు చూడకుండా వెళ్ళరు. ఇక్కడే కాపురముంటున్న మాకు మాత్రం కూరల సంచీతో గట్టు వెంట నడుస్తున్నా నీటివైపు తల తిప్పే తీరిక ఉండదు. నాకా తీరిక ఒక డ్రాయింగు పుస్తకం వల్ల చిక్కింది. రెండేళ్ళుగా రోజుకో చిన్న బొమ్మ వేస్తున్నాను.

దీనికి కారణం మా అత్తగారే. నలభై ఏళ్ళు పుష్కరాల రేవులో కార్తీక స్నానాలు చేసిన మనిషి. మోకాళ్ళు అరిగి మెట్లు దిగలేకపోయాక, నేను బజారు నుంచి రాగానే "గోదారి ఎలా ఉందమ్మాయ్?" అని అడిగేవారు. "బాగానే ఉందండీ" అంటే ఆవిడకి చాలేది కాదు. ఓసారి మా అమ్మాయి వదిలేసిన రంగుల పెట్టె తీసి వేసి చూపించాను. "ఎర్రనీళ్ళు వచ్చేశాయన్నమాట!" అన్నారు వెంటనే.

జులై, ఆగస్టుల్లో వరద నీటికి ఇటుక రంగులో కాస్త పసుపు, చిటికెడు నీలం కలిపితే సరిపోతుంది. దీపావళి దాటాక నీరు తేటపడి పచ్చగా తిరుగుతుంది. మంచు పట్టిన ఉదయాల్లో అవతల కొవ్వూరు ఒడ్డే కనబడదు. అప్పుడు కాగితాన్ని ఖాళీగా వదిలేయడమే! 1900లో మొదలై, 1997లో రైళ్ళు ఆగిపోయిన హేవలాక్ వంతెన మాత్రం అన్ని కాలాల్లోనూ అలాగే ఉంటుంది. వరదకి ఎదురీదుతూ వచ్చే పులసని కొనే ధైర్యం లేక, దాని వెండి పొలుసులు మాత్రం బొమ్మ వేసుకొచ్చాను.

గట్టుకి వెళ్ళని రోజున కడియం నర్సరీ నుంచి తెచ్చిన చామంతి కుండీయో, డాబా మీద ఎండుతున్న వడియాలో దొరుకుతాయి.

బొమ్మలు మనకెందుకు అనుకోకండి. మా ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావుగారు (1897–1925) ఇరవయ్యెనిమిదేళ్ళు నిండకుండానే పోయారు. ఆయన చిత్రాలు ఇక్కడి ఆర్టు గ్యాలరీలో ఉన్నాయి. ఆ రోజుల్లోనే ఆయన భార్య సత్యవాణిగారూ, సోదరి బుచ్చికృష్ణమ్మగారూ కూడా బొమ్మలు వేశారు.

కావలసినవి కొంచెమే. పల్చటి కాగితం నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది కాబట్టి దళసరిది కొనండి. నీటిరంగుల పెట్టె, ఒక గుండ్రటి బ్రష్షు, రంగులు కలపడానికి పాత సాసరు, తుడవడానికి పాత నూలుచీర ముక్క చాలు. లేత రంగు ముందు, అది ఆరాక ముదురు రంగు వేయాలి. తెలుపు కావలసినచోట కాగితాన్నే వదిలేయాలి. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఇరవై నిమిషాలు కూర్చుంటే ఒక బొమ్మ అయిపోతుంది. కింద తేదీ వేయడం మరవకండి.

తేదీ పక్కన నేను అత్తగారి మాటలు కూడా రాస్తాను. ఈ మధ్య ఆవిడ పొద్దున తిన్న టిఫిను కూడా మర్చిపోతున్నారు. పుస్తకం తెరిస్తే మాత్రం ఏ మెట్టు మీద దీపం వదిలేవారో, తోడుగా ఎవరెవరు వచ్చేవారో పేర్లతో సహా చెబుతారు. ఆ పేర్లు మా ఇంట్లో ఇంకెవరికీ తెలియవు.

మీ ఊళ్ళో చెరువుందో, సందు చివర వేపచెట్టే ఉందో, దాంతోనే మొదలుపెట్టండి. ఇంట్లో గడప దాటలేని పెద్దవాళ్ళుంటే ముందు వాళ్ళకి చూపించండి. వాళ్ళు చెప్పింది బొమ్మ కిందే రాసిపెట్టుకోండి.